పై అరలో అత్తగారి అచ్చు

ఆ వీధిలో ఇప్పుడు మైనం కరిగిన వాసన లేదు. ఆ రోజుల్లో కట్టుడు పళ్ల దుకాణం తెరవగానే కోడలు ముందు అరల మీది అచ్చులకు దుమ్ము తుడిచేది. వీధిలో సగం మంది నోళ్లు సుద్ద అచ్చులై అక్కడే ఉండేవి. పై అరలో ఉన్నది అత్తగారిది. కోడలికి పని నేర్పింది ఆవిడే. పోయి ఏడాదైనా, రోజూ తొమ్మిదింటికి ఆవిడ అచ్చు "నోరు తెరువు నాన్నా" అనేది, ఒక్కసారే. కుర్చీలో ఎవరుంటే వాళ్లు తెరిచేవారు. బతికున్నప్పుడూ అంతేగా మరి.

మామగారు మాత్రం తొమ్మిది కాకముందే వెళ్లి ఎదురింటి మెట్ల మీద కూర్చునేవారు. భార్య గొంతు విని తట్టుకోలేరని అందరూ జాలిపడేవారు. పళ్లసెట్టు పక్కన పడేసి, ఆకలి లేదంటూ పాలతో సరిపెట్టుకుని, మనిషి సగమైపోయారు.

ఆ వారం ఆయన చేరదీసిన పిల్లికూనకి నోరు పూసింది. నాలుక నిండా పుళ్లు, ఒకటే చొంగ. గిన్నె దగ్గరికి ఆశగా వెళ్లేది, మూతి పెట్టగానే అరిచి వెనక్కి వచ్చేది.

"ఇవాళైనా మందు పడి, తిండి తినకపోతే దక్కదు," అని చెప్పి వెళ్లాడు పశువుల డాక్టరు.

నోట్లో వేలు పెడితే కొరకలేదనుకున్న కూన కోడలి వేలు కొరికింది. మామగారు దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ కంగారులో టైము చూసుకోలేదు.

"నోరు తెరువు నాన్నా."

కూన తెరిచింది. కోడలు గబగబా మందు చుక్కలు వేసి తలెత్తితే, మామగారూ తెరిచి ఉన్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ మాట కాదనడం ఆయనకి చేతకాదు. కింది చిగుళ్ల మీద ఇంత పుండు.

"ఎన్నాళ్ల నుంచి మామయ్యా ఇది?"

"రోజూ పొద్దున్నే కాసేపు సెట్టు పెట్టుకుని చూస్తానమ్మా. ఒరుసుకుంటోంది. మనిషి చిక్కితే చిగుళ్లూ చిక్కుతాయిగా."

"చెబితే అరగదీసేదాన్నిగా!"

"అందుకే చెప్పలేదు. అది మీ అత్త ఆఖరి పని. ఆకురాయి తగిలితే అందులో ఆవిడ చెయ్యి మిగలదు."

కోడలికి ఏడుపొచ్చింది. ఏడాదిలో ఎన్నడూ రెండో మాట అనని అచ్చు అప్పుడంది:

"అరగదియ్యి తల్లీ. తిననీ మనిషిని."

అరగదీసింది. రాలిన గులాబిరంగు పొడిని మామగారు కాగితంలో పొట్లం కట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం మెత్తగా చిదిమిన చేప ముందు కూన తింది, తర్వాత ఆయన తిన్నారు.

మర్నాడు తొమ్మిదైంది. అచ్చు ఏమీ అనలేదు. కూన ఆయన ఒళ్లో మూతి బిగించుకుని కూర్చుంది. కోడలు మందు సీసా పట్టుకుని పై అర వంకే చూస్తూ నిలబడింది. మామగారు గొంతు సవరించుకుని, ఏడాదిగా తప్పించుకు తిరిగిన మాట తనే అన్నారు.

"నోరు తెరువు నాన్నా."

కూన తెరిచింది.