పదమూడో సంచిక

చక్రపాణి తాగడు, పేకాడడు, కూరలో ఉప్పు తక్కువైతే అడిగి వేయించుకుంటాడే తప్ప పళ్ళెం నెట్టెయ్యడు. ఇలాంటి మొగుడి మీద నలుగురిలో ఫిర్యాదు చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా పోయిందని అమృతవల్లి బాధ. వెతికి వెతికి పట్టుకుంటే లోపం ఒక్కటే దొరికింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ఒక్క తప్పూ చేయలేదు. చేసి ఉంటే ఒప్పుకునేవాడే కదా! ఒకసారి యాగంటి పోదామని బయల్దేరి, నంద్యాలలో ఆయనే చెయ్యి పట్టుకుని ఎక్కించిన బస్సు వెలుగోడులో దించింది. "బోర్డు రాసినోనికి చదువు రాదు" అన్నాడు. అంతటితో ఆ విషయం ముగిసింది. యాగంటి బసవన్నను చూడాల్సిన వాళ్ళు వెలుగోడు సంత చూసి, వంకాయలు కొనుక్కుని ఇల్లు చేరారు.

ఆయన ఆళ్ళగడ్డ గ్రంథాలయంలో లైబ్రేరియన్. పదకొండేళ్ళుగా తాత్కాలికమే. పర్మనెంటు చేసే ఫైలు ఆ ఏడాది, అంటే ఎనభై ఐదులో, ఎట్టకేలకు కర్నూలులో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదులుతోంది. కాబట్టి ఇంట్లో అందరూ కొంచెం మెల్లగా నడుస్తున్నారు, ఆ ఫైలు ఎక్కడ ఉలిక్కిపడుతుందో అన్నట్టు.

ఉగాది పోయిన వారానికి నంద్యాల నుంచి ఒక కట్ట షీట్లు వచ్చాయి. జిల్లాలో ఏ పత్రిక ఏ లైబ్రరీలో ఏ సంపుటం నుంచి ఏ సంపుటం దాకా ఉందో అంతా ఒకే జాబితాగా చేసి, హైదరాబాదులో కంప్యూటరుకు ఎక్కిస్తారట. కంప్యూటరుకు మాటలు పనికిరావు, అంకెలే కావాలి. పత్రిక ఇంకా వస్తూ ఉంటే 4, ఆగిపోయి ఉంటే 5. సంపుటం పూర్తిగా ఉంటే 1, కొన్ని సంచికలు పోయి ఉంటే 2, అక్కడొకటి ఇక్కడొకటి మిగిలి ఉంటే 3. ఎప్పటికీ దాచుకునేదైతే 8. ఒక్కో గడిలో ఒక్కో అంకె. గడి దాటిందా, షీటు తిరుగు టపాలో వస్తుంది.

చక్రపాణి చేతిరాతను గడులు కాదు కదా, గోడలు కూడా ఆపలేవు. అమృతవల్లి నంద్యాలలో బి.ఎ. చదివింది, అక్షరం ముత్యంలా రాస్తుంది. అందుకని గ్రంథాలయానికి సెలవైన శుక్రవారం మధ్యాహ్నాలు, తలుపులు దగ్గరికి వేసుకుని, ఆయన చెబుతూ ఉంటే ఆవిడ రాసేది. కింద సంతకం ఆయనది. మిగతాదంతా ఈవిడది. ఇది బయటికి తెలియకూడని సంగతి.

మూడో శుక్రవారం "భార్గవ దీపిక" వంతు వచ్చింది. ముప్ఫై నాలుగులో మొదలై తొమ్మిదేళ్ళు నడిచి ఆగిపోయిన పత్రిక. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా తెలుగు నెలకొక సంచిక. మూడో సంపుటానికి బైండు లేదు. పురికోసతో కట్టి ఉంది. అమృతవల్లి విప్పి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇవి పదమూడుండాయండీ."

"ఏడాదికి నెలలెన్నే?"

"పన్నెండు."

"మరి పదమూడెట్లొస్తాయి? యాడో ఒకటి రెండుసార్లు పడింటాది, చూడు."

చూసింది. నిజమే, భాద్రపదాలు రెండున్నాయి. రెండింటి అట్టల పై అంచూ చెదలు తినేసింది. మిగిలిన అట్ట మీద భాద్రపదం అనే పెద్దక్షరాలు మాత్రం నిలబడ్డాయి. అయితే ఒకటి కొంచెం లావుగా ఉన్నట్టనిపించింది.

"లోపల ఒకసారి చూద్దామా?"

"ఇంకా నలభై షీట్లుండాయి. లోపల చూసుకుంటా కూచుంటే దసరా వస్తాది. డూప్లికేటది. రాయి, పన్నెండు. పక్కన ఒకటి."

రాసింది. 12. పక్క గడిలో 1, అంటే సంపూర్ణం. ఆయన సంతకం పెట్టాడు. లావుగా ఉన్న భాద్రపదాన్ని ఆవిడ చేతిలో పెట్టి, "ఇంట్లో దేనికన్నా వాడుకో" అన్నాడు. ఆవిడ తెచ్చి ఊరగాయ జాడీల కింద అరకు పరిచింది.

షీట్లు నంద్యాల పోయాయి. మామిడికాయల కాలం పోయింది. ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధికం. అధిక మాసంలో పుణ్యం ఎక్కువని అత్తగారు జానకమ్మ ఒక పక్షం రోజులు గడపడానికి అహోబిలంలో తమ్ముడు వరదరాజులు ఇంటికి బయల్దేరింది. ముప్ఫై మూడు అప్పాలు దానం చేయాలని బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి అన్నీ అమృతవల్లే సర్ది, బస్సెక్కించి వచ్చింది.

ఆ తర్వాత పదకొండో రోజు ఉత్తరం వచ్చింది. చక్రపాణి చదివి, మడిచి, మళ్ళీ విప్పి, భార్యకు ఇచ్చాడు. ఇలా ఇవ్వడం ఆయన అలవాటు కాదు.

భార్గవ దీపిక మూడవ సంపుటం వెలువడిన ధాత నామ సంవత్సరంలో అధిక భాద్రపదం వచ్చినందున ఆ సంపుటానికి సంచికలు పదమూడని అహోబిలం నుంచి వచ్చిన షీటులో ఉన్నది. అధిక భాద్రపద సంచిక వారి వద్ద లేదు, కనుక 2 వేశారు. జిల్లా మొత్తంలో 1 వేసినది మీరొక్కరే. కానీ సంచికలు పన్నెండని రాశారు. ఈ రెండూ కుదరవు. గురువారం స్వయంగా వచ్చి చూస్తాను. ఇట్లు, దేవసహాయం.

నంద్యాలలో ఆ జాబితా పని మొత్తం చూస్తున్నది ఈ దేవసహాయమే. ఆయన ఒక మాట రాస్తే కర్నూలులో దాని కింద ఇంకెవరూ ఇంకో మాట రాయరని ప్రతీతి.

అమృతవల్లి తన చేతులకేసి చూసుకుంది. అవే చేతులు. పదకొండు రోజుల కిందట అధిక మాసం సామాను సర్దిన చేతులు. ఏడాదికి నెలలెన్ని అంటే పన్నెండని చెప్పింది కూడా ఈ నోరే.

"అహోబిలమోళ్ళు తప్పు రాసింటారు" అన్నాడు చక్రపాణి. కానీ ఆ మాట అంటూ కాఫీ గ్లాసు బదులు చెంబు ఎత్తి తాగాడు.

"ఆ పుస్తకం మనింట్లోనే ఉండాదండీ. తీసకపోయి పెట్టేస్తే సరిపోతాది గదా?"

"యాడ పెడతావ్? జాడీల నూనె మరకలు చూస్తే ఇంటికి పోయిందని తెలుస్తాది. ఇంట్లో దొరికితే దొంగతనం. దొరక్కపోతే పోగొట్టినట్టు. సంతకం నాది, రాత నీది. గ్రంథాలయం షీట్లు నీచేత రాయించినానని తెలిస్తే అదొకటి. ఇంగ ఆ ఫైలు సంగతి మరిచిపో."

ఏ గడిలో ఏ అంకె వేసినా బయటపడే దారి కనిపించలేదు. ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి జాడీలు దించింది. అర మీద తెల్లగా, శుభ్రంగా, పోయిన నెల దినపత్రిక పరిచి ఉంది.

పనిమనిషి గోవిందమ్మ వచ్చేదాకా వీధి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈడ జాడీల కిందుండిన పాత పుస్తకం ఏమాయె, గోవిందమ్మా?"

"పెద్దమ్మ ఊరికి పోయేముందు అంతా సర్దిండ్ల్యా. పాతవన్నీ కట్టగట్టి పాత పేపర్లు కొనేటోనికి ఎయ్యమనె. ఏసినా."

"అన్నీనా?"

"అన్నీ. ఏందమ్మా, అట్ల జూస్తాండావ్? నూనె మరకలవే గదా!"

పాత కాగితాల వాడు అవుకులో తన బిడ్డ ఇంటికి పోయాడని, కాగితాలన్నీ ఎప్పుడో వేరుశనగ పొట్లాలు కట్టే బస్టాండు బండ్లకు అమ్మేశాడని తెలిసింది. ఆ రెండు రోజులూ అమృతవల్లి తిన్నన్ని చెనిక్కాయలు ఆ ఇంట్లో మునుపెవరూ తినలేదు. పొట్లం కొనడం, పక్కకు పోయి విప్పడం, కాగితం చూడడం. సినిమా బొమ్మలు వచ్చాయి, సిమెంటు ధరలు వచ్చాయి, ఎవరిదో పదో తరగతి లెక్కల నోటు కూడా వచ్చింది. భాద్రపదం మాత్రం రాలేదు. బండి జకరయ్య, "ఏమక్కా, ఇంట్లో పెండ్లేమన్నా ఉండాదా?" అని అడిగాడు. లేదంది. పెళ్ళి కాదు, ఇంకోటి జరిగేట్టుంది అని మాత్రం అనలేదు.

బుధవారం పొద్దున చక్రపాణి గడ్డం సగం గీసుకుని లేచిపోయాడు. మిగతా సగం సాయంత్రం గీసుకున్నాడు. ఆవిడ భయం రెండు రకాలు. ఉద్యోగం పోతుందని ఒకటి. అంతకంటే లోతున, చెప్పుకోలేనిది ఇంకొకటి. ఈయన ఎన్నడూ తప్పు చేయని మనిషి. రేపు దేవసహాయం ఎదుట కూడా చేయడు. అప్పుడు ఆ తప్పు ఎవరో ఒకరిది కావాలి. షీటు నిండా ఉన్నది తన అక్షరం.

గురువారం మొదటి బస్సుకే దేవసహాయం దిగాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. గట్టిగా మాట్లాడని మనిషి. అరిచే అధికారైతే కాసేపటికి అలిసిపోతాడు. ఈయన అలిసేట్టు లేడు. అమృతవల్లి ఆడవాళ్ళ బెంచీ మీద పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చుంది. పత్రిక తలకిందులుగా ఉందని చాలాసేపటికి గమనించింది. అప్పుడు సరిచేస్తే ఇంకా బాగుండదని అలాగే పట్టుకుంది.

"ఏమప్పా చక్రపాణీ, మూడో సంపుటం తీయి."

"పన్నెండే సార్. నేనే లెక్కపెట్టినా."

దేవసహాయం పురికోస విప్పాడు. ఒక్కో సంచికా మెల్లగా తిప్పాడు. భాద్రపదం దగ్గర ఆగి, అట్ట వదిలేసి లోపలి పేజీ తెరిచాడు.

"నిజ భాద్రపదం అనుండాదే ఈడ. అధికం లేకుంటే నిజమని ఎందుకేస్తారప్పా?"

చక్రపాణి ఆ పేజీ తనవైపు తిప్పుకుని చూశాడు.

"మా ఇంట్లో పండగలు వేరే. అయినా నాలుగెకరాలుండాది, విత్తనమెయ్యాలంటే నేనూ పంచాంగం చూస్తా. అహోబిలం అయ్యవారి బిడ్డవి, నీకు నేను అధిక మాసం చెప్పాల్సొచ్చె." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. షీటు ముందుకు లాగాడు. "ఇంగో మాట. ఈ దస్తూరి నీది కాదే. ఎవరు రాసింది?"

పత్రిక వెనకాల అమృతవల్లి ఇంకొంచెం కిందికి జారి కూర్చుంది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో సంచీ పట్టుకుని జానకమ్మ నిలబడింది.

"ఏందప్పా చక్రీ, ఇంటికి బీగమేసి ఇద్దరూ ఈడ కూచున్నారు? పొద్దున్నుంచి బస్సులో నిలబడి వచ్చినా, కాళ్ళు కడుక్కుందామంటే చెంబుడు నీళ్ళు కూడా లేవు." కొత్తమనిషిని చూసి కొంగు సర్దుకుంది. కోడలివైపు తిరిగింది. "మే, అమృతా, నీకు బుద్ధుండాదా? అధిక మాసం పుస్తకం పోయి ఊరగాయ జాడీల కింద ఏస్తావా? లోపల మాహాత్మ్యమంతా ఉండాది. పాపమని కళ్ళకద్దుకొని తీసకపోయినా. వరదుని ఇంట్లో రోజుకొక అధ్యాయం చదివినా. ఇదో, ఇంగ నువ్వూ చదువు."

పట్టుగుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది. అట్ట మీద నూనె మరక, పసుపు బొట్టు, తులసిదళం. వాటి మధ్య గుండ్రంగా, నీలంగా, ఆళ్ళగడ్డ గ్రంథాలయం ముద్ర.

దేవసహాయం తులసిదళాన్ని వేలి కొసతో తీసి పక్కన పెట్టాడు. పేజీ తిప్పి చూశాడు. అధిక భాద్రపదం. కలం తీసి 12ని కొట్టేసి 13 వేశాడు. పక్క గడిలోని 1 దగ్గర ఆగాడు.

"ఒకటి నిలబడింది. జిల్లాలో సంపూర్ణమైన సంపుటం ఇదొక్కటే." మెల్లగా తలెత్తాడు. "కానీ ఇది ఇంటికెట్ల పోయె?"

జానకమ్మకు అప్పుడు ముఖం మారింది. అమృతవల్లి లేచి నిలబడింది.

"నేనే సార్, నేనే తీస..."

"నువ్వు కూచో" అన్నాడు చక్రపాణి. "ఆమెకేం సంబంధం లేదు సార్. నేనిచ్చినా. డూప్లికేటు మాదిరి ఉండె. చెదలు తినిండె. గడులు చూస్తే పన్నెండు నెలలకే..."

"కారణాలొద్దప్పా" అన్నాడు దేవసహాయం. "నా దగ్గర రెండు కాగితాలుండాయి. తప్పు జరిగిందని నువ్వంటే సవరణ షీటు. ఈడనే రాసి, ఈడనే ముగిస్తా. తప్పేం లేదంటావా, అప్పుడు ఎవరిదో విచారించాల, అది కర్నూలుకు పోతాది. ఏది తీయమంటావ్?"

చక్రపాణి బల్ల అంచు పట్టుకున్నాడు. అమృతవల్లి ఆ ముఖంలో వెలుగోడు బస్సును చూసింది, దిగిన చోట నిలబడి తల ఆడిస్తున్న మనిషిని చూసింది. ఇక అయిపోయిందనుకుని కళ్ళు మూసుకుంది.

"అమృతా" అని వినిపించింది. అధికారిని కాదు, తనను పిలుస్తున్నాడు. "నువ్వు పదమూడనే చెప్పినావ్. లోపల చూద్దామని కూడా అన్న్యావ్. నేనే చూడనీలా." ఇంకోసారి ఊపిరి తీసుకున్నాడు. "తప్పు నాదే."