కోర్డెల్ మేబ్రీకి తక్కువైన పద్దెనిమిది క్రెడిట్లు

జనవరి మొదటి వారంలో టోంబిగ్బీ స్టేట్ యూనివర్సిటీలో ఇంకా తరగతులు మొదలు కావు. ఫుట్‌బాల్ భవనం మాత్రం పెళ్లివారి విడిదిల్లులా హడావిడిగా ఉంటుంది. సామాన్లతో పోయేవాళ్లు పోతుంటారు, సామాన్లతో వచ్చేవాళ్లు వస్తుంటారు. ఆ ఏడాది పద్నాలుగు మంది ఆటగాళ్లు వేరే కాలేజీలకు పోయారు, పంతొమ్మిది మంది వేరే కాలేజీలనుంచి వచ్చారు. పోయినవాళ్లను, ఆ కాలేజీ ఉన్న లీటన్ ఊరి జనం డబ్బు మనుషులన్నారు. వచ్చినవాళ్లను మనసున్న కుర్రాళ్లన్నారు. వచ్చినవాళ్లు కూడా ఇంకో ఊళ్లో పోయినవాళ్లేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈ రాకపోకలన్నిటికీ కాగితాలు చూసే మనిషి వెర్నెల్ హాగూడ్. అరవయ్యొకటో ఏడు నడుస్తోంది. ఏ ఆటగాడు ఏ క్లాసులో చేరాలో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే కిటికీ. మాటవరసకు చదువుల సలహాదారు. అసలు పని మాత్రం, మార్కులు తక్కువై ఎవడూ శనివారం ఆటకు దూరం కాకుండా కాచుకోవడం. ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది. అందుకే ఇంతకాలం ఉంచారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కోర్డెల్ మేబ్రీ తల వంచి గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఆరడుగుల ఐదంగుళాల నల్లజాతి మనిషి. ఇరవై మూడేళ్లు. అమెరికా ఫుట్‌బాల్లో అవతలి జట్టు తరఫున బంతి చేత్తో విసిరేవాణ్ణి పడగొట్టడం అతని పని. కిందటి వేసవిలో వచ్చాడు. అక్టోబరులో చీలమండ మెలిపడి ఐదు ఆటలు బయటే కూర్చున్నాడు.

"మిస్ వెర్నెల్, ఒక్కటి అడగాలి. నవ్వకూడదు."

"ముందు కూర్చో నాయనా. ఆ కుర్చీ కాదు, అది నిన్ను మొయ్యలేదు. దీంట్లో కూర్చో."

కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"డిగ్రీకి నేను దగ్గర్లో ఏమన్నా ఉన్నానా మేడమ్?"

ఏ మాస్టారు చండశాసనుడు, ఏ క్లాసుకు వెళ్లకపోయినా నడుస్తుంది అని ఆమెను అడిగినవాళ్లకు లెక్కలేదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లను మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఉన్నట్టుండి ఇదేం బుద్ధి పుట్టింది నీకు?"

"పొద్దున కోచ్ పిలిచాడు. 'నువ్వు మా కుటుంబం కోర్డెల్. నీ మంచి కోరే చెబుతున్నా, చుట్టుపక్కల ఓసారి చూసుకో' అన్నాడు. అంటే పొమ్మనే కదా?"

"కుటుంబం అన్నాడా?"

"రెండుసార్లు."

"అయితే పొమ్మనే."

అతని స్థానానికి కాలిఫోర్నియానుంచి పంతొమ్మిదేళ్ల కుర్రాడొకణ్ణి పట్టుకొచ్చారు. ఇంటర్నెట్లో ఆటగాళ్లకు చుక్కలేసే పెద్దమనుషులు ఆ పిల్లాడికి నాలుగు చుక్కలేశారు. కోర్డెల్‌కు హైస్కూల్లో మూడు వేసి, ఏడాదికొకటి చొప్పున తుడిచేస్తూ వచ్చారు. ఇప్పుడు అతను పోర్టల్‌లో, అంటే వేరే కాలేజీకి పోతానని పేరు రాసుకునే జాబితాలో, పది రోజుల్లోగా ఎక్కాలి. ఎక్కితే అది ఆరో కాలేజీ.

వెర్నెల్ అతని పాత మార్కుల పత్రాలన్నీ బల్ల మీద పరిచింది. అయిదు రాష్ట్రాలు, అయిదు రంగుల ముద్రలు. మొత్తం కలిపితే ఇద్దరు పట్టభద్రులయ్యేంత చదువుంది. కానీ ఒక కాలేజీ పాసైన క్లాసులకు లెక్కగట్టి ఇచ్చిన క్రెడిట్లను ఇంకో కాలేజీ ఒప్పుకోదు కాబట్టి ఒక్క పట్టా కూడా తయారవలేదు. ఉపన్యాసకళకు పరిచయం అనే క్లాసు నాలుగు చోట్ల నాలుగుసార్లు చేశాడు.

"నాలుగుసార్లా?" అంది ఆమె.

"నాలుగుసార్లూ ముందు మన గురించి మనమే మూడు నిమిషాలు చెప్పాలి మేడమ్. నాకది నిద్రలో కూడా వచ్చు."

అయిదో పత్రం టోంబిగ్బీదే. పార్కుల నిర్వహణ, విశ్రాంతి సిద్ధాంతం, నడక ఒకటి, నడక రెండు. కింద సలహాదారు సంతకం ఉంది. అది ఆమెదే. కిందటి ఆగస్టులో గంటకు ముప్ఫై మందికి సంతకాలు చేసిన రోజున చేసింది. ఈ పిల్లాడి మొహం ఆ రోజు తలెత్తి చూసిందో లేదో కూడా ఆమెకు గుర్తు రాలేదు.

"రేపు రా. ఎవరికీ ఏమీ చెప్పకు. ఆ జాబితాలో పేరు కూడా ఇవ్వకు" అంది.

మర్నాటికి లెక్క తేల్చింది. వ్యవసాయ కళాశాలలో ఒక సాధారణ డిగ్రీ ఉంది. కాన్సస్‌లో చదివిన వృక్షశాస్త్రం, ఒహాయోలో చదివిన ఆర్థికశాస్త్రం అందులో ఇముడుతాయి. ఇంకా కావలసినవి పద్దెనిమిది క్రెడిట్లు. అన్నీ ఈ ఒక్క విడతలోనే చేస్తే మేలో పట్టా. అందులో మృత్తికాశాస్త్రం ప్రయోగశాలతో సహా ఉంది, గణాంకశాస్త్రం ఉంది. ఉపన్యాసకళ కూడా ఉంది.

ఉపన్యాసకళ కోసం ఆమె రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి పోట్లాడింది.

"నాలుగుసార్లు పాసయ్యాడండీ."

"ఆ కాలేజీల్లో నేర్పే ఉపన్యాసకళ వేరమ్మా, మాది వేరు."

"రాష్ట్రం దాటితే నాలుక మారుతుందా?"

రిజిస్ట్రారు నియమావళి తీసి చూపించాడు. అందులో నాలుక గురించి ఏమీ లేదు గానీ, కుదరదని మాత్రం ఉంది. అయిదోసారి తప్పలేదు.

పోర్టల్ గడువు దాటిన రోజున ట్రిప్ ఎల్లర్బీ మెట్లెక్కి వచ్చాడు. ముప్ఫై ఒక్కేళ్లవాడు. చేతుల్లేని చలికోటు, జట్టు కూర్పు డైరెక్టరని పెద్ద బిరుదు. హైస్కూలు తర్వాత ఒక్క రోజూ ఆడలేదు గానీ, ఎవడు ఎంత ఆడగలడో దశాంశాల్లో చెబుతాడు. అతని టాబ్లెట్లో ఆటగాళ్లంతా గళ్లలో ఉంటారు. ఉండేవాళ్లు ఆకుపచ్చ, పోయేవాళ్లు ఎరుపు.

"మిస్ వెర్నెల్, ఆ మేబ్రీ గడి నాకు ఖాళీ కావాలి."

"ఆ గడిలో మనిషున్నాడు బాబూ."

"జట్టులో ఇంతమందే ఉండాలని లెక్క ఉంది. అతను ఆడడు, పోడు. నేనేం చెయ్యాలి?"

"మే దాకా స్కాలర్‌షిప్పు ఇస్తామని కాగితం ఉంది. నీ సంతకమే."

ట్రిప్ టాబ్లెట్ మూశాడు. "మీరు మన జట్టు మనిషే కదా?" అన్నాడు, ఎంతో బాధగా.

"ఇరవై రెండేళ్లనుంచి. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పట్నుంచి."

పొమ్మంటే పోనివాణ్ణి ఎలా పంపాలో వాళ్లకు తెలుసు. కోర్డెల్ లాకరు బట్టలుతికే గది పక్క నడవాలోకి మారింది. వెబ్‌సైటులో అతని ఫొటో పోయి, బూడిదరంగు నీడబొమ్మ వచ్చింది. అతని తొంభై నాలుగో నంబరు చొక్కా కాలిఫోర్నియా పిల్లాడికిచ్చారు. స్థానిక రేడియోలో రోజూ మధ్యాహ్నం ఫోన్లు తీసుకునే కార్యక్రమానికి ఒకాయన ఫోన్ చేశాడు. "ఆ మేబ్రీ ఇంకా ఎందుకు పోలేదయ్యా? ఒకడి చోటు పట్టుకు కూర్చోవడానికి సిగ్గుండాలి. ఇక్కడికి చదువుకోడానికొచ్చాడా ఏంటి?" అన్నాడు. కార్యక్రమం నడిపేవాడు నవ్వలేదు. నిజమేనన్నాడు.

వెర్నెల్ కారులో ఆ మాట విని రేడియో కట్టేసింది. తనూ ఇన్నేళ్లూ ఆ మాటనే కాస్త మర్యాదగా కాగితాల మీద రాస్తూ వచ్చానని ఆమెకు అనిపించింది.

కోర్డెల్‌కు మాత్రం అవేవీ పట్టినట్టు లేదు. మృత్తికాశాస్త్రం చెప్పే ముసలాయన ఫుట్‌బాల్ చూడడు. మొదటి రోజే "ఇంత పొడుగున్నావు, నువ్వేం చేస్తుంటావు బాబూ?" అని అడిగాడట. ఆ ప్రశ్నకు కోర్డెల్ ఎంత మురిసిపోయాడో చెప్పలేం. ఫిబ్రవరిలో ఒకరోజు గోళ్లనిండా మన్నుతో వెర్నెల్ గదికొచ్చాడు.

"తడిమట్టి వేళ్ల మధ్య పెట్టి ఇలా నొక్కితే రిబ్బనులా సాగాలి మేడమ్. ఎంత పొడుగు సాగితే అంత బంకమన్ను. నేను రెండంగుళాలు లాగాను. క్లాసులో నాదే పెద్దది."

"నా తివాచీ మీద లాగకు."

"అయిదు కాలేజీల మైదానాల్లో పడ్డాను. మొహం నేలకానించి పడ్డాను. ఒక్కసారి కూడా కింద ఏముందో చూడలేదు."

"ఏముంది?"

"నాలుగు చోట్ల ప్లాస్టిక్ గడ్డి" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

గణాంకశాస్త్రం మాత్రం చుక్కలు చూపించింది. మొదటి పరీక్షలో నలభై ఒకటి వచ్చింది. పేపరు మడిచి జేబులో పెట్టుకుని, రెండు రోజులు వెర్నెల్‌కు కనపడకుండా తిరిగాడు. ఆమే బట్టలుతికే గది దాకా వెళ్లి పట్టుకుంది. తనకూ ఆ లెక్కలు రావు. అయినా వారానికి మూడు మధ్యాహ్నాలు పక్కన కూర్చుని, పుస్తకంలో ఉన్నది పైకి చదివింది. ఆమె చదువుతుంటే అతను కోప్పడుతూ, కోపంలోనే అర్థం చేసుకున్నాడు.

ఉపన్యాసకళ క్లాసులో మార్చిలో, మీకు బాగా వచ్చిన పని ఒకటి చేసి చూపిస్తూ వివరించమన్నారు. ఒకమ్మాయి కేకు మీద పూలు వేసి చూపించింది. కోర్డెల్ రెండు పెద్ద సంచులు, ఒక మంచం దుప్పటి, ఒక టీవీ తెచ్చాడు. గదిలో ఉన్న బతుకంతా నలభై నిమిషాల్లో రెండు సంచుల్లో ఎలా సర్దాలో చెప్పాడు. బూట్లు ముందు. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో ఫోను తీగలు. టీవీకి దుప్పటి చుట్టాలి. గోడ మీద ఏదీ అంటించుకోకూడదు, అక్కడ టైము పోతుంది. స్నేహితులు సాయం చేస్తామంటే వద్దనాలి, ఇంకా ఎక్కువ టైము పోతుంది. పిల్లలు విరగబడి నవ్వారు. స్నేహితుల దగ్గరకొచ్చేసరికి నవ్వడం మానేశారు. గోడ దగ్గర నిలబడి వింటున్న వెర్నెల్ మెల్లిగా తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. ఆ ఉపన్యాసానికి కోర్డెల్‌కు 'ఏ' గ్రేడు వచ్చింది. అయిదు సార్లలో అదే మొదటి 'ఏ'.

ఏప్రిల్లో పోర్టల్ మళ్లీ తెరిచారు. తెరిచిన మూడో రోజున కాలిఫోర్నియా పిల్లాడు నాలుగు చుక్కలతో, తొంభై నాలుగో నంబరుతో సహా పక్క రాష్ట్రానికి వెళ్లిపోయాడు. టోంబిగ్బీ తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు. నిన్నటిదాకా మనసున్న కుర్రాడు. రేడియోలో ఆ సాయంత్రానికే డబ్బు మనిషైపోయాడు.

మర్నాడు ట్రిప్ కాఫీలు పట్టుకుని వెర్నెల్ గదికొచ్చాడు. ఆమెకొకటి, ఎదురుగా పుస్తకంతో కూర్చున్న కోర్డెల్‌కొకటి.

"కోర్డ్, ఏంటి మనిషీ! మన తొంభై నాలుగు!"

"నా పేరు కోర్డెల్ సార్. నా నంబరు మీరు తీసుకున్నారు."

"అదేలే, ఇప్పుడు ఖాళీగా ఉంది. కోచ్ నిన్నెప్పుడూ మర్చిపోలేదు. నిన్నే అన్నాడు, ఆ కుర్రాడు ఇక్కడే ఉన్నాడు కదా అని."

"నడవాలో ఉన్నాను."

"లాకరు ఈ రోజే మార్పిస్తా. రేపట్నుంచి ప్రాక్టీసుకొచ్చెయ్. ఆ మట్టి క్లాసేదో ఉందట, అది మాత్రం వదిలెయ్యి. మధ్యాహ్నాలు మనకు అడ్డం." అని వెర్నెల్ వైపు తిరిగాడు. "మీరు చూసుకుంటారు కదా? ఒక్క సంతకం."

ఇరవై రెండేళ్లలో ఇలాంటి ఒక్క సంతకాలు ఆమె ఎన్ని చేసిందో. కలం పక్కనే ఉంది. ఆమె కాఫీ కప్పు తీసి ట్రిప్ చేతిలో పెట్టింది.

"ఆ మట్టి క్లాసు పోతే వాడి డిగ్రీ పోతుంది బాబూ. నేను పెట్టను."

"దీని గురించి పైవాళ్లతో మాట్లాడాల్సొస్తుంది."

"మాట్లాడు. హాగూడ్‌కు ఇంగ్లీషులో రెండు ఓలు, సరిగ్గా రాయమను."

ట్రిప్ కోర్డెల్ వైపు చూశాడు. కోర్డెల్ పుస్తకంలో వేలు పెట్టుకునే ఉన్నాడు. "మే దాకా నాకు ఖాళీ లేదు సార్" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ భవనంలో ఆ మాట అన్న ఆటగాడు అంతకుముందు లేడు.

గణాంకశాస్త్రంలో సీ వచ్చింది, అదీ అంచు మీద. మట్టిలో బీ. మే రెండో శనివారం పట్టాలిచ్చారు. ఆర్కాన్సానుంచి, అతన్ని పెంచిన డెల్ఫీన్ అత్త ఊదారంగు టోపీతో, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చింది. కోర్డెల్ పేరు పిలిచినప్పుడు ఆవిడ పెట్టిన కేకకు ముందు వరసలో ఒక డీన్‌గారు కుర్చీలో ఎగిరిపడ్డాడు.

కోచ్ కిటరిడ్జ్ కూడా వచ్చాడు. తన వెంట ఫొటోగ్రాఫరును తెచ్చుకున్నాడు. బయట పచ్చికలో నల్లగౌను వేసుకున్న ఒక పొడుగాటి నల్లజాతి కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "నీ గురించి గర్వపడుతున్నాను నాయనా. నువ్వు మా కుటుంబం" అన్నాడు. ఆ కుర్రాడు సివిల్ ఇంజనీరింగు. పేరు అబెల్ ప్రూయిట్. జీవితంలో బంతి పట్టుకున్నవాడు కాడు. పెద్దమనిషి ప్రేమగా చెయ్యి వేశాడు కదా అని నవ్వుతూ నిలబడ్డాడు. వాళ్లమ్మ కూడా ఫొటోలో నిలబడింది. "మేం ఆటగాళ్లనే కాదు, మనుషుల్ని తయారుచేస్తాం. అభినందనలు, కోర్డెల్ మేబ్రీ" అన్న మాటలతో ఆ బొమ్మ మధ్యాహ్నానికల్లా ఇంటర్నెట్లో ఎక్కింది. నాలుగు వేలమంది ఇష్టపడ్డారు. ఒకడికీ తేడా తెలియలేదు. అంతకంటే చిత్రమేమిటంటే, అతన్ని పంపేసిన మిగతా నాలుగు కాలేజీలూ సాయంత్రంలోగా మా వాడే మా వాడేనంటూ ఎవరి ఫొటో వాళ్లు పెట్టుకున్నాయి. ఆ నాలుగింటిలో ఉన్నది మాత్రం కోర్డెలే.

అప్పటికి కోర్డెల్, అత్త, వెర్నెల్ ముగ్గురూ హైవే పక్క హోటల్లో వేయించిన క్యాట్‌ఫిష్ తింటున్నారు. ట్రిప్ ఫోన్ చేశాడు. చిన్న పొరపాటు జరిగింది, ఒక్క పది నిమిషాలు గౌను వేసుకుని మళ్లీ పచ్చికలోకి రాగలడా అని. అత్త ఫోను లాక్కుంది.

"ఎవరు నాయనా నువ్వు? ... కుటుంబమా? మా కుటుంబంలో వాళ్లకి మావాడి మొహం తెలుసు. వాడు తింటున్నాడు, పెట్టెయ్."

కోర్డెల్ జూన్లో ఆరో కాలేజీకి, ఐడాహోకు వెళ్లాడు. ఆఖరి ఏడాది ఆట అక్కడ. డబ్బు బాగా ఇస్తామన్నారు, ఆ సంగతి దాచలేదు. "ఈసారి ఎవరూ పంపట్లేదు మేడమ్, నేనే పోతున్నా" అన్నాడు. అయినా సర్దుకోవడానికి నలభై నిమిషాలే పట్టిందట.

వెర్నెల్‌కు పైనుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఏ ఆటగాడితోనైనా డిగ్రీ విషయం మాట్లాడేముందు జట్టు కూర్పు విభాగం అనుమతి తీసుకోవాలి అని. ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు, పెట్టింది. ఆ మధ్యాహ్నమే జట్టులో అందరి మార్కుల పత్రాలూ బయటికి తీసి, పట్టాకు దగ్గర్లో ఉన్నవాళ్లు ముగ్గురని తేల్చి, ముగ్గురికీ కబురు పెట్టింది. ఇద్దరు నాకెందుకు మేడమ్ అన్నారు. మూడోవాడు వస్తానన్నాడు. గంట ఆలస్యంగా, చెవుల్లో పాటలతో వచ్చి, మొయ్యలేని ఆ కుర్చీలో కూర్చోబోయాడు.