పడవ తాగే నీళ్లు

ఎండాకాలం వచ్చిందంటే మాలకొండమ్మకు తన గొంతు కన్నా ముందు పడవ దప్పిక గుర్తొచ్చేది. పులికాట్ సరస్సులో వేట తగ్గి పడవలు ఖాళీగా తేలే రోజుల్లో, రోజూ పొద్దున్నే బిందెలతో నీళ్లు ముంచి, నీటికి అందకుండా ఎండే పై పలకల మీద పోసేది. చెక్క నీళ్లు తాగితే ఉబ్బి అతుకులు బిగుస్తాయి. తాగకపోతే ఎండి నోళ్లు తెరుస్తాయి. అత్త నేర్పిన పని అది, ఆ రేవులో ఆడవాళ్లంతా చేసేదే.

ఆ ఏడు చేపలు బొత్తిగా మొహం చాటేశాయి. ఆమె మొగుడు మాల్యాద్రి గుల్లసున్నం పడవలో వేసుకుని కాలువ మీదుగా మద్రాసుకు చేర్చడానికి ఒప్పుకున్నాడు. గుల్లలు కాల్చి తీసిన సున్నం, ఇంకా నీళ్లు చూడనిది. దానికి తడి తగిలితే కుతకుతా ఉడుకుతుందనీ, గోతాలు అంటుకుంటాయనీ బట్టీ యజమాని కామాక్షయ్య మరీ మరీ చెప్పి పంపాడు. అప్పటినుంచీ మాల్యాద్రికి తడి అంటేనే బెదురు పట్టుకుంది.

"సరుకెక్కిందాకా పడవకు నీళ్లు పొయ్యబాకమే," అన్నాడు.

"పలకలు విచ్చుకుంటాయి మావా."

"సున్నం ఉడికితే దాంతోపాటు నేనూ ఉడుకుతా. అది ఆలోచించినావా?"

మొగుడి మాటకల్లా తలూపే మనిషి కాదు మాలకొండమ్మ. ఆ సంగతి రేవులో అంతా ఎరుగుదురు. కానీ ఆ మాటకు భయపడింది. బిందె బోర్లించేసింది.

ఎండ మాత్రం ఎవరి మాటా వినలేదు. పై పలకల మధ్య గోరు దూరేంత సందు పడింది.  చెప్పబోయింది గానీ, తనూ ఉడుకుతానన్న అతని మాట గుర్తొచ్చి వెనక్కి తగ్గింది.

సరుకెక్కిన పొద్దున, బరువుకు పడవ బాగా కిందికి దిగింది. అన్నాళ్లూ ఎండి సందులిచ్చిన పలకలు నీళ్లలో మునిగాయి. మాల్యాద్రి గడ వేసి సాగిపోయాడు. ఒడ్డున నిలబడి ఆమె చూస్తూనే ఉంది.

సరస్సులోంచి కాలువ మొదలయ్యే మొగ దగ్గరికి చేరకముందే గోతాల సందుల్లోంచి, అన్నం ఉడికే ఎసరులా తెల్లటి ఆవిరి లేచింది. కాసేపటికి గోతాలు అంటుకుని అది నల్లటి పొగైంది.

మాల్యాద్రి గడ వదిలేశాడు. నిప్పు కనబడితే నీళ్లు కుమ్మరించడమే పుట్టినప్పటినుంచీ ఎరిగిన చేతులవి. కంగారులో కామాక్షయ్య మాట ఎక్కడ గుర్తుంటుంది? వంగి, నీళ్లు తోడే డబ్బా అందుకున్నాడు.

మాలకొండమ్మ నడుము లోతు నీళ్లలోకి పరుగెత్తి గొంతు చించుకుని అరిచింది.

"నీళ్లు పొయ్యబాక మావా."

గాలి అటునుంచి ఇటు వీస్తోంది. ఆ మాట పడవ దాకా పోలేదు. అతను డబ్బా నిండా సరస్సు నీళ్లు ముంచి గోతాల మీద పోశాడు.