బిల్లు తక్కువొచ్చే ఇల్లు

తొందరపడే మనుషులంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఎస్టిమేట్లు వేసినవాణ్ణి. ఎంత పైపు పడుతుంది, ఎంతమంది కూలీలు కావాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఇదంతా కాగితం మీద తేలాకే గునపం నేలకు తగలాలి. నా ఎస్టిమేటు తప్పిందని ఇన్నేళ్ళలో ఒక్కడూ అనలేదు. ఆ గర్వం నెత్తికెక్కి కూర్చుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇంట్లో ఎవరేం అడిగినా ముందు కాగితం తియ్యడం, పెన్ను మూత తియ్యడం నాకు అలవాటు.

మా ఆవిడది రఫ్ఫు పని. చిరిగిన బట్ట అంచులోంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగును పూడ్చేస్తుంది. అయిపోయాక చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారుకు కూడా తెలీదు. ఒకసారి ఒకాయన తన కోటు చూసుకుని, "ఇది నాది కాదమ్మా, మార్చేశారు" అని గొడవకు దిగాడు. ఆ పనికి కన్ను కావాలి, వెలుతురు కావాలని అందరికీ తెలుసు. తెలీనిది ఇంకోటుంది. ఫ్యాను కింద రఫ్ఫు చెయ్యకూడదు, పోగులు లేచిపోతాయి. పోనీ ఉక్కలో చేద్దామంటే, పాత పట్టు మీద ఒక్క చెమట చుక్క పడిందా, ఆ మచ్చ ఇక జన్మలో పోదు. అందుకని ఆవిడ పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట కిటికీ దగ్గర కూర్చుని చేసేది. చిన్న చిన్న పనులే పట్టేది.

ఏడేళ్ళ కిందట మ్యూజియం నుంచి ఒక ఆఫీసరు మేడమ్ మా ఇంటికి వచ్చింది. ఆ కోటు గొడవ ఆవిడ దాకా ఎలా వెళ్ళిందో ఏమో. వాళ్ళ దగ్గర తొమ్మిది పాత పట్టు బట్టలు చిల్లులు పడి పెట్టెల్లో ఉన్నాయట. "మీ చెయ్యి పడితే వాటిని మళ్ళీ గోడకు పెట్టుకుంటామమ్మా" అంది. పని అయ్యాక ప్రతి బట్ట కింద బాగుచేసినవాళ్ళ పేరు కూడా రాస్తారట. ఆవిడ వెళ్ళిపోయాక మా ఆవిడ టీ గ్లాసులు కడుగుతూ తనలో తను నవ్వుకోవడం నేను చూశాను. పెళ్ళయ్యాక అంత సంతోషంగా ఆమెను రెండు మూడుసార్ల కంటే ఎక్కువ చూసి ఉండను.

భోజనాల దగ్గర మెల్లిగా కదిపింది. "ఏమండీ, వెనక గదికి చిన్న ఏసీ ఒకటి, బల్ల మీదికి మంచి లైటు ఒకటి ఉంటే రోజుకు ఆరు గంటలు కూర్చోగలను. రెండేళ్ళలో తొమ్మిదీ అయిపోతాయి."

"ఏసీయా? నెల తిరిగేసరికి బిల్లు చూసి మనిద్దరికీ కళ్ళు తిరుగుతాయి" అన్నాను. "ముందు సోలార్ పెట్టిద్దాం. ఆ తర్వాత నువ్వు మూడు ఏసీలు వేసుకున్నా అడిగేవాడు లేడు."

"సరే" అంది. సోలార్ మాట నేను నిజంగానే అన్నాను. దాటేయడానికి అన్నది కాదు. ఇప్పుడు ఎవరికి చెప్పుకున్నా నమ్మరు.

ఆ వారమే సోలార్ కొట్టు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మనిషి సన్నగా ఉన్నా టేపు పట్టుకుని మేడ మెట్లు రెండేసి ఎక్కేసింది. పక్కింటి నీళ్ళ ట్యాంకు నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో చూసింది, కిందికి వచ్చి ఏడాది బిల్లులు అడిగింది. నా దగ్గర పదకొండేళ్ళవి ఉన్నాయి, వరసగా గుచ్చి. ఆ అమ్మాయి నవ్వి, పన్నెండు తీసుకుని లెక్క కట్టింది. నెలకు సగటున డెబ్భై రెండు యూనిట్లు.

"మీ వాడకం చాలా తక్కువ సార్. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పదమూడేళ్ళు పడుతుంది" అంది.

పదమూడేళ్ళు! మా ఆఫీసులో అలాంటి ఎస్టిమేటు పై అధికారికి పంపితే నా మొహాన కొట్టేవాడు. రేటు తగ్గాక కబురు చేస్తానని ఆ అమ్మాయిని పంపేశాను. లోపలికొచ్చి మా ఆవిడతో, "చూశావా, తొందరపడుంటే మునిగిపోయేవాళ్ళం" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. అది చూడలేక, "ఈలోపు బిల్లు ఇంకాస్త తగ్గిస్తే ఆ మిగిలింది సోలార్‌కే పోగవుతుందిలే" అని ఓదార్పుగా ఒక మాట పారేశాను. నేను అన్నది మర్నాటికి మర్చిపోయాను.

ఆ తర్వాత ప్రతి నెలా భోజనాల దగ్గర బిల్లు చదవడం మా ఇంట్లో మామూలైంది. "అరవై నాలుగు!" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు యాభై తొమ్మిది. "శభాష్!" అనేవాణ్ణి. పరీక్ష పాసైన పిల్లలా ఆమె కళ్ళు వెలిగేవి. ఎలా తగ్గిందని ఒక్కసారీ అడగలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలి చీకటి పడ్డాక తిరిగొచ్చేవాణ్ణి. నేను వచ్చేసరికి గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉండేది, లైట్లు వెలుగుతూనే ఉండేవి.

మధ్యలో సోలార్ అమ్మాయిని రెండుసార్లు పిలిపించాను. రేట్లు తగ్గాయి, కానీ మా బిల్లూ తగ్గింది. ఒకసారి పన్నెండున్నర ఏళ్ళు తేలింది, ఇంకోసారి పన్నెండు. అప్పటికి మా ఆవిడ తమ్ముడు, లెక్కాపత్రం ఏమీ లేకుండా తన ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టించేసి హాయిగా కూర్చున్నాడు. "బావా, నీ లెక్క తేలేలోపు ఆ సూర్యుడే చల్లారిపోతాడు" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మ్యూజియం మేడమ్ ఏడాదికోసారి ఫోన్ చేసేది. మా ఆవిడ, "ఇంకా కుదరలేదండీ, ఈ ఏడు చూస్తాను" అనేది. ఆమె ఆ మాట చెప్తున్నప్పుడు నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి.

మొన్న ఎండాకాలం ముందు రిటైరయ్యాను. ఆఫీసువాళ్ళు పెద్ద కూలరు బహుమతిగా ఇచ్చారు. దాన్ని ముందు గదిలో పెట్టుకుని, పొద్దస్తమానం టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు కష్టపడ్డానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. నూట నలభై ఎనిమిది.

రీడింగు తీసేవాడి మీద కేకలేశాను. అతను ఓపిగ్గా మీటరు నంబర్లు మళ్ళీ చూపించాడు. తప్పేమీ లేదు. ముందు ఒళ్ళు మండింది, తర్వాత బుర్రలో ఒక ఆలోచన వచ్చింది. వాడకం పెరిగితే సోలార్ గిట్టుబాటవుతుంది కదా! కాగితం తీసి లెక్కేశాను. ఆరేళ్ళు! ఆరేళ్ళలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. ఎగిరి గంతేసినంత పని చేసి సోలార్ కొట్టుకు ఫోన్ చేశాను.

ఆ అమ్మాయే వచ్చింది. ఇప్పుడు మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. పాత కాగితం, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టుకుని, "ఇంట్లో ఏం మారింది సార్? కొత్తగా ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా. నేనే రిటైరయ్యాను. పగలు ఇంట్లో ఉంటున్నాను."

"అయితే ఇదివరకు పగలు ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదా?"

"మా ఆవిడ ఉండేదిగా" అన్నాను.

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేనొక్కణ్ణి పగలు ఇంట్లో ఉన్నందుకు బిల్లు రెండింతలు దాటింది. మరి ఆమె ఇన్నేళ్ళు ఆ ఇంట్లోనే ఎలా ఉంది?

ఇంకో తప్పు కూడా అప్పుడే తెలిసింది, అది నా వృత్తికే సిగ్గుచేటు. ఏ వీధికైనా పైపులు వెయ్యాలంటే, ఎండిపోయిన కుళాయిలోంచి ఇప్పుడు పడుతున్న నీళ్ళు కొలవం. ఆ వీధివాళ్ళకు ఎన్ని నీళ్ళు కావాలో కొలుస్తాం. ఆఫీసులో చేరిన మొదటి వారం నేర్పే పాఠం అది. మా ఇంటికి వచ్చేసరికి ఎండిన కుళాయినే కొలిచాను. ఏసీ కోసమే సోలార్ అన్నాను, ఆ ఏసీని మాత్రం ఒక్కసారీ లెక్కలో వెయ్యలేదు. సోలార్ వస్తే గానీ ఏసీ వద్దన్నాను, ఏసీ లేని బిల్లు చూపించి సోలార్ దండగన్నాను. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్నట్టు ఏడేళ్ళు తిప్పాను.

ఆ అమ్మాయి వెళ్ళాక వెనక వైపుకు వెళ్ళాను. మా ఆవిడ మేడ మెట్ల కింద ముక్కాలిపీట వేసుకుని బట్టలు మడతపెడుతోంది. అక్కడ గోడకు చాప ఆనించి ఉంది, పక్కన నీళ్ళ చెంబు, విసనకర్ర. ఈ ఇంట్లో నాకు తెలీని గది ఒకటి ఉందన్నమాట.

"పగలంతా ఇక్కడే ఉండేదానివా?"

"ఎండ ఇటు తిరగదండీ. చల్లగానే ఉంటుంది."

"ఫ్యాను వేసుకోవడానికేం?"

"మీరే అన్నారుగా, బిల్లు తగ్గితే సోలార్‌కి పోగవుతుందని."

"బిల్లు తగ్గిపోయిందనే కదే పెట్టించలేదు!" అన్నాను.

ఆమె చేతిలో చొక్కా అలాగే పట్టుకుని ఆలోచించింది. "అయితే కరెంటు ఎక్కువ కాల్చి ఉంటే పెట్టించేవారా?" అంది.

దెప్పడానికి అడిగి ఉంటే బాగుండేది. దెప్పితే నేనూ ఎదురు ఒక మాట అనేవాణ్ణి, చల్లారిపోయేది. తెలుసుకుందామని అడిగింది. అవునన్నదే దానికి జవాబు.

తొమ్మిది రోజుల్లో ప్యానెళ్ళు పైకెక్కాయి. బేరమాడలేదు. వెనక గదికి ఏసీ, బల్లకు వంగే కాడ ఉన్న పెద్ద లైటు తెచ్చాను. ఇంకో పని కూడా చెయ్యాల్సి వచ్చింది. ఏడాదిగా ఆమె పోగు రెండుగా కనిపిస్తోందని అంటోంది. కళ్ళజోడు మార్చుకోమని చెప్పి ఊరుకున్నాను, ఆమె రెండుసార్లు మార్చుకుంది. ఈసారి నేనే కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చాలాసేపు చూసి, కంటి లోపలి పొర అరిగిందని చెప్పింది.

"చాలా ఏళ్ళు చాలీచాలని వెలుతురులో పనిచేసిందండీ" అన్నాను. తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్నట్టు.

"దానివల్ల రాదండీ ఇది. వయసుతో వచ్చేదే. ఇకమీదట సన్న పని మాత్రం కష్టం" అంది.

డాక్టరమ్మ నన్ను వదిలేసింది, కానీ నన్ను నేను వదిలిపెట్టలేకపోయాను. వెలుతురు వల్ల కళ్ళు పోలేదు, సరే. కళ్ళు బాగున్న ఆరేళ్ళు ఎటు పోయాయి? తొమ్మిది బట్టలకు రెండేళ్ళు చాలునంది కదా.

అయినా ఆశ చావలేదు. మంచి లైటు కింద కనిపిస్తుందేమోనని మ్యూజియం మేడమ్‌కు నేనే ఫోన్ చేశాను. ఆవిడ పొంగిపోయి, తొమ్మిదింట్లో అన్నిటికంటే చిన్నదాన్ని పెట్టెలో పెట్టి పంపింది. నీలం పట్టు మీద కొంగల బారు, ఒక కొంగ రెక్క దగ్గర అరచేతంత చిల్లు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. మేడ మీద ప్యానెళ్ళ నుంచి కరెంటు కావలసినంత వస్తోంది. ఏసీ వేశాను, లైటు వేశాను, కుర్చీ జరిపాను. మా ఆవిడ చేతులు కడుక్కుని తుడుచుకుని వచ్చి కూర్చుంది. బట్టను రెండు చేతులతో విప్పింది. అంచు మీద వేలి కొసతో తడిమింది. సూది తీసుకుని ఒక పోగు లేపడానికి వంగింది, ఆగింది, మళ్ళీ వంగింది. అలా నాలుగైదుసార్లు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

సూది పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. "ఆ లైటు ఆపండి. కళ్ళల్లో పొడుస్తోంది."

ఆపాను. కిటికీ వెలుతురులో బట్టను మళ్ళీ ఒకసారి చూసింది. పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసింది.

"ఆవిడకు మీరే చెప్పండి. నేను చెప్పలేను" అంది.

"నన్ను క్షమించవే" అన్నాను. పెళ్ళయినప్పట్నుంచీ ఆ మాట నా నోట రాలేదు. ఇంకా ఏదో చెప్పబోయాను. ఏసీ కూడా ఆపేద్దామని గోడ మీది స్విచ్చు వైపు చెయ్యి చాపాను.

"అది ఉండనివ్వండి" అంది మా ఆవిడ, కుర్చీలోంచి లేస్తూ. "ఈ గదిలోకి మీ మంచం వేయిస్తాను. మీరు ఉక్కకు ఆగలేరు."