ట్యాంకు కనిపిస్తేనే

ఆ చిన్న విమానాశ్రయంలో ఎవరు పెట్టారో తెలియని నియమం ఒకటుంది. రేడియో గది కిటికీలోంచి చూస్తే కొండమీది నీళ్ళ ట్యాంకు కనిపించాలి. కనిపిస్తేనే విమానం కదలాలి. లేకపోతే ఎంత మొనగాడైనా టీ తాగుతూ కూర్చోవలసిందే.

ఆ గదిలో రేడియో దగ్గర కూర్చునేది ఆవిడే. నాలుగు సీట్ల సొంత విమానం ఉన్నది ఆవిడ భర్తకు, నడిపేదీ ఆయనే. కొండ అవతలి ఊళ్ళో ఉన్న కూతురికి, ఇంకా నెల గడువుందనగా, నొప్పులు మొదలయ్యాయని ఆ ఉదయం ఫోన్ వచ్చింది. పనిమీద ఇటు వచ్చిన అల్లుడు రాత్రి అత్తవారింట్లోనే ఆగాడు. రోడ్డు మీద వెళ్తే ఒక పూట పడుతుంది, గాలిలో అరగంట. ముగ్గురూ రేడియో గదికి వచ్చి చూస్తే పొగమంచు కిటికీ అద్దాన్ని అంటుకుని ఉంది.

"ఎలాగైనా త్వరగా చేరితే బాగుండు," అన్నాడు అల్లుడు.

పెళ్ళయ్యాక అతను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. మామగారు కాదంటారా? వెంటనే విమానం తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. అల్లుడికి భయం వేసింది గానీ, పెద్దాయన బయలుదేరాక వద్దనడం ఎలా? ఇద్దరూ మొహమాటస్తులే. ఒకరి ముఖం చూసి ఒకరు చావడానికైనా సిద్ధపడే రకం.

ఆవిడకు ఆ మంచు సంగతి తెలుసు. మంచులో దూరాక ఏది పైనో ఏది కిందో ఒంటికి తెలియదు. తిన్నగా పోతున్నామనుకుంటూనే వంగిపోతారు. ఆవిడ భర్త స్నేహితుడు ఇలాంటి మంచులోనే, విమానం ఈ కొండకు తగిలి పోయాడు. "అంతా బాగానే ఉంది," అన్న అతని చివరి మాట ఈ రేడియోలో విన్నది ఆవిడే.

"ట్యాంకు కనిపిస్తోందా?" అంది.

ఆయన కళ్ళు చికిలించి చూశారు. "ఆ, కనిపిస్తోంది. కాస్త మసగ్గా ఉంది, అంతే."

ఆవిడకు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. గట్టిగా అరవాలనిపించింది, తమాయించుకుంది.

"ఏ రంగులో ఉంది?"

"రంగేమిటే కొత్తగా? తెల్లగా, ఎప్పటిలాగే."

"నిన్న దానికి ఆకుపచ్చ రంగు వేశారండీ. మీరేమో రోజంతా షెడ్డులో ఇంజను కింద దూరి ఉన్నారు."

ఆయన మళ్ళీ కిటికీలోంచి చూశారు. చాలాసేపు చూశారు.

"అబద్ధం ఆడలేదే," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "నాకు నిజంగానే కనిపించింది."

"తెలుసండీ. అందుకే నాకు భయం."

ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఆవిడ దాన్ని వెంటనే వదల్లేదు.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "నాకు మొదట్నుంచీ భయంగానే ఉంది మామయ్యగారూ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా బాబూ!"

"ఇద్దరూ ఇద్దరే! కారెక్కండి," అంది ఆవిడ.

కారు తోలింది కూడా ఆవిడే. దారి కనిపించినంత మేరే పోనిచ్చింది, కనిపించని మలుపుల్లో ఆపేసింది. సగం దారిలో ఉండగానే ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది. ఆ సమయానికి భార్య పక్కన లేకపోయానని అల్లుడు వెనక సీట్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కనే కూర్చున్న మామగారు అతని మోకాలి మీద చెయ్యి వేశారు.

ఆసుపత్రి గది గుమ్మంలో వాళ్ళను చూడగానే కూతురు అడిగిన మొదటి మాట, "నాన్నా, ఎగిరి రాలేదు కదా?"

"లేదమ్మా. మీ అమ్మ నత్తనడకన తోలుకొచ్చింది."

కూతురు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. అల్లుడు పరుగున వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"చెప్పండి చూద్దాం, మనవరాలు ఏ రంగులో ఉందో?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, మంచం దగ్గరికి నడిచి, పసిదాని ముఖం మీదికి వంగి చూశారు.

"ఏడ్చి ఏడ్చి ఎర్రగా అయిపోయింది," అన్నారు. "ఈసారి చూసే చెబుతున్నానే."