పెద్దలకు పోసిన గ్లాసు

జూలూల గడ్డ మీద, వెరులం ఊరి అవతల, చక్కెర మిల్లు గేటు దగ్గర వసంతి నిలబడిందంటే మగాళ్ళు జేబుల్లోంచి చేతులు తీసేవాళ్ళు. వెనకాల ఆమెను ఊదుడు ఆంటీ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవడికీ లేదు. ఆమె చేతిలో తాగినవాళ్ళను పట్టే సబ్బుబిళ్ళంత మిషను ఉండేది. దానికి కొత్త ప్లాస్టిక్ గొట్టం తగిలించి "ఊదు" అనేది. పచ్చ లైటు వెలిగితే లోపలికి. ఎర్రది వెలిగితే ఇంటికి. క్రేన్ల మీదా ట్రాక్టర్ల మీదా పనిచేసేవాళ్ళకు ఎర్రది వెలిగిందంటే ఉద్యోగమే పోయినట్టు. "నిన్నటిది ఆంటీ", "దగ్గుమందు ఆంటీ", "మా ఆవిడ పుట్టినరోజు ఆంటీ" - అన్నీ ఓపిగ్గా వినేది. విని "పక్కకి నిలబడు" అనేది. దేవుడు దిగొచ్చినా ముందు ఊదించి గానీ దణ్ణం పెట్టదని మిల్లులో ఒక హాస్యం.

ఆ కాఠిన్యం ఊరికే రాలేదు. మిషను రాకముందు ఆ గేటు దగ్గర ఒక గార్డు నోళ్ళు వాసన చూసేవాడు. నల్లవాళ్ళైన జూలూల నోళ్ళు, తాతల నాడు చెరకు పనికి ఓడల్లో వచ్చిన ఇండియన్ల నోళ్ళు మాత్రమే. తెల్లవాళ్ళ కారు హారన్ కొడితే చాలు, గేటు తెరుచుకునేది. పోనీ ఆ వాసన చూడటమైనా సరిగ్గా చూశాడా? ఒకరోజు పొద్దున ట్రాక్టరు డ్రైవరొకడు తూలుతూ వచ్చాడు. గార్డుకు గుప్పుమని కొట్టింది. "మనవాడేలే" అని వదిలేశాడు. ఆ పూటే ఆ ట్రాక్టరు యార్డులో వెనక్కి వచ్చి, వసంతి మొగుడు రాజెన్‌ను గోడకేసి నొక్కేసింది. శనివారం సాయంత్రం ఒక్క గ్లాసు చెరకు సారా తప్ప ఇంకో వ్యసనం ఎరగని మనిషి, ఇంకొకడి తాగుడికి పోయాడు.

మిల్లువాళ్ళు జాలిపడి వసంతికి టీ కాచే పని ఇచ్చారు. తెల్లవాళ్ళ రాజ్యం పోయి అందరికీ ఓటొచ్చింది, ఎన్నికలయ్యాయి, కొత్త జెండా ఎగిరింది, కొత్త రూల్సు వచ్చాయి, వాటితోపాటు మిషనూ వచ్చింది. గేటు పని వసంతి అడిగి తీసుకుంది. మొదటిరోజు మిల్లు మేనేజరు కారు దిగొచ్చి ఆమె ముందు వంగి ఊదాడు. అంత పెద్ద తెల్లదొర బుగ్గలు పూరించుకుని నిలబడితే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఓటు వేసిన రోజున కూడా ఆమెకు అంత అనిపించలేదు. ఇక ఈ గేటు దగ్గర ఎవడూ ఎవడికీ "మనవాడు" కాడనుకుంది.

ఆ మాట మీదే నిలబడింది కూడా. చెరకు ఆడే కాలం మొదట్లో జబులాని అనే ట్రాక్టరు డ్రైవరుకు ఎర్రలైటు వెలిగింది. మంచి కుర్రాడు, నెమ్మదస్తుడు. "ఆంటీ, నేను తాగలేదు. మా నాన్నకు పెద్దల పూజ చేశాం. జొన్నకల్లు కుండ ముందు పెద్దలకు పెట్టి, తరవాత కొడుకు తాగాలి. తాగకపోతే ఆయన పుచ్చుకోడు" అని ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు.

"కల్లు కల్లే. పక్కకి నిలబడు" అంది వసంతి. వారం తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది. ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

జులైలో రాజెన్ ఆబ్దికం వచ్చింది. ఏటా సాయంత్రం చేసేవాళ్ళు. ఈసారి సాయంత్రాలు కూడా మిల్లు ఆడుతోందని వసంతి తెల్లవారకుండానే లేచి వండింది. ఫోటో ముందు దీపం పెట్టి, అరటాకులో అన్నం, మటన్ కూర, గారెలు వడ్డించింది. పక్కన ఆయనకిష్టమైన సిగరెట్టు, గ్లాసు నిండా చెరకు సారా. వాళ్ళ ఇళ్ళలో తాతల నాటి నుంచీ అదే పద్ధతి. పెద్దలకు పోసింది పారబొయ్యకూడదు, ఆ ఇంటి మగాడు తాగాలి. కొడుకుల్లేరు కనక అది మరిది సగ్రెన్ వంతు.

సగ్రెన్ మిల్లులో చెరకు కట్టలెత్తే క్రేను నడిపేవాడు. అన్న పోయాక తన సంసారాన్నీ వదిన ఇంటినీ రెంటినీ లాక్కొస్తున్నవాడు. ఏడాదికి ఈ ఒక్క గ్లాసు తప్ప సారా ఎరగడు. దణ్ణం పెట్టి లేచి గ్లాసు వైపు చూశాడు, తరవాత వదిన వైపు చూశాడు.

"ఏటి చూస్తన్నావ్? మీ అన్న కాసుకోనున్నాడు. తాగెయ్యి, లేటవతాది" అంది వసంతి.

కళ్ళు మూసుకుని తాగేశాడు. దగ్గు వస్తే ఆమే వీపు మీద తట్టి గారె చేతిలో పెట్టింది. ఇద్దరూ అతని బండిలోనే మిల్లుకు వచ్చారు. దారంతా ఆమె రాజెన్ కబుర్లు చెప్పింది. అంతమందిని ఊదించిన మనిషికి, పక్కన కూర్చున్నవాడు తాగి ఉన్నాడన్న సంగతి తట్టనే లేదు. ఎందుకు తడుతుంది? అది తాగుడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది అన్న ప్రసాదం. తన దాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు.

గేటు దగ్గర కోటు తొడుక్కుని వరస మొదలుపెట్టింది. పచ్చ, పచ్చ, పచ్చ. సగ్రెన్ వంతు వచ్చింది. అతను ఆమె కళ్ళలోకి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది వసంతికి. చేతిలో మిషను బండరాయిలా బరువెక్కింది. వరసలో వెనకవాళ్ళు చూస్తున్నారు. "ఊదు" అంది.

ఎర్రలైటు వెలిగింది.

రూలు ప్రకారం కాసేపాగి మళ్ళీ ఊదించింది. మళ్ళీ ఎర్రదే. ఈలోగా సేఫ్టీ ఆఫీసరు గిరిధరరావు వచ్చాడు. ఉద్యోగం కోసం ఆంధ్రా నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. మొదట్లో వసంతి తెలుగు విని నవ్వినా, తరవాత ఆమె చేతి చేపల పులుసుకు దాసుడయ్యాడు.

"సార్, నానే పోసినాను. నా చేత్తోటి. తాగుడు కాదు సార్ అది, మా ఆయనకి ఎట్టింది" అంది వసంతి.

గిరిధరరావు గొంతు తగ్గించాడు. "నాకు తెలీదా అమ్మా? మా ఊళ్ళోనూ పెద్దలకు ఇలాగే పెడతారు. మిషను పొద్దున్నుంచీ తప్పు చూపిస్తోందని నేను చెప్తాను. అతను ఇవాళ ఇంటికెళ్ళి పడుకుంటాడు, రేపు వస్తాడు. మనవాడే కదా."

మనవాడే కదా. ఆ మాట చెవిన పడగానే వసంతి వరస వైపు తిరిగింది. మొగుణ్ణి చంపిన మాట అది. వరసలో జబులానితో పనిచేసిన జూలూ కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళకు తెలుగు రాదు. కానీ ఒకణ్ణి దొడ్డిదారిన దాటిస్తున్నారని కనిపెట్టడానికి భాషతో పనేముంది?

"మరి జబులాని, సార్? ఆడూ ఇదే చెప్పినాడు గదా."

"అది వేరమ్మా. అది అయిపోయింది."

వసంతి మరిది మొహం చూసింది. అన్న మొహమే. ఆ క్షణంలో భూమి విచ్చుకుని తనను మింగేస్తే బాగుండుననిపించింది. భూమి ఎప్పుడు మాట విన్నది గనక?

"పక్కకి నిలబడు సగ్రెన్" అంది.

సగ్రెన్ హెల్మెట్ తీసి ఆమె బల్ల మీద పెట్టి పక్కకు నిలబడ్డాడు. అరిచినా బాగుండేది.

విచారణలో వసంతి దాచుకోకుండా అంతా చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసే చెప్పింది. "గ్లాసు పోసింది నేను, నన్నూ పంపెయ్యండి. లేదంటే ఇద్దర్నీ వెనక్కి పిలవండి, జబులానినీ సగ్రెన్‌నూ" అంది. వాళ్ళు సగ్రెన్‌ను పంపేశారు. జబులానిని పిలవలేదు. వసంతి నిజాయితీని మెచ్చుకుని గేటు దగ్గరే ఉంచారు. ఇంతకంటే శిక్ష ఉంటుందా?

ఒక ఆదివారం జబులాని ఇల్లు వెతుక్కుంటూ కొండ మీదికి వెళ్ళింది. వాడు పని కోసం జొహానెస్‌బర్గ్ పోయాడట, కబురే లేదట. వాళ్ళమ్మ నీడలో కుర్చీ వేసి టీ ఇచ్చింది. వసంతి తప్పు చెప్పుకుంటే, ఆ ముసలామె విని, "నీ మొగుడు పుచ్చుకున్నాడా అమ్మా?" అని అడిగింది. వసంతి చేతిలో టీ చల్లారిపోయింది.

సగ్రెన్ పెళ్ళాం డాలీ మాత్రం అనాల్సినవన్నీ వీధిలో నిలబడి అంది. "మొగుణ్ణి మింగింది చాల్లేదా, మరిది కూడు కూడా మింగినావా!" అంది. ఆ మాటలు పడ్డాక వసంతికి కొంచెం తేలికైంది. సగ్రెన్ వెరులం మార్కెట్లో కూరగాయల మూటలు మోసేవాడు, దొరికినప్పుడు. అతను వదినను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

ఏడాది తిరిగింది. రాజెన్ ఫోటోకు వసంతి దండ వేసింది, ఆకులో అన్నీ వడ్డించింది. గ్లాసులో మాత్రం టీ పోసింది. సగ్రెన్ వచ్చాడు. గెడ్డం మాసిపోయింది, చొక్కా గుండీ ఒకటి ఊడింది. గ్లాసు చూసి నవ్వాడు.

"ఇదేటి వొదినా? అన్నెప్పుడు తాగీవోడు టీ?"

"ఈ ఏడు ఇది చాల్లే" అంది వసంతి.

ఎప్పటిలాగే వంగి వదిన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. లేస్తుంటే అతని ఊపిరి ఆమె మొహానికి తగిలింది. మిషను అక్కర్లేకపోయింది. దీపమింకా వెలిగించనే లేదు.

టీ పెరట్లో పారబోసొచ్చి, జేబులోంచి సీసా తీసి వదిన చేతికిచ్చాడు సగ్రెన్. ఆ సీసా అప్పటికే సగం ఖాళీ.

"నిండా పొయ్యి వొదినా. భయమేటి? ఇప్పుడు నన్ను ఊదమనీవోళ్ళు లేరు గదా" అన్నాడు.