ఫ్యామిలీ రూమ్స్ కలవు

"బస్టాండ్ల తినకురా నాయనా, కడుపు ఖరాబైతది. ఆటో ఎక్కి సీదా కమాన్ బజార్ పో. షుకూర్ భాయ్ హోటలంటే ఎవరన్న చూపిస్తరు. గోంగూర మాంసం కావాలంటే మాత్రం అక్కడొద్దు, దానికి మధిరోళ్ల మెస్సు వేరే ఉన్నది..."

వరండాలో సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని శ్రీనివాస్ చెబుతుంటే, వంటింట్లో ఉషారాణి చేపల పులుసుకు చింతపండు పిసుకుతూ వింటోంది. ఇల్లందు నుంచి, పినపాక నుంచి, సత్తుపల్లి నుంచి పనిమీద ఖమ్మం వచ్చేవాళ్లు ముందుగా ఆయనకే ఫోన్ చేస్తారు. ఆఫీసులో కూడా అంతే, కొత్త అధికారి వచ్చినా, ఆడిట్ వాళ్లు వచ్చినా "శ్రీనివాస్‌నడుగు, ఎక్కడ తినాలో చెప్తడు" అంటారు. స్టేషన్ దగ్గర మలయాళీ పరోటా ఎన్ని పొరలు విడుతుందో, మార్వాడీ దుకాణంలో కచోరీ ఏ వేళకు వేడిగా దొరుకుతుందో, వైరా రోడ్డులో వెంకటప్పయ్య హోటల్‌లో సాంబారు ఎందుకంత బాగుంటుందో ఆయనకు తెలుసు. అన్ని రకాల మనుషులున్న ఊరు, అన్ని రకాల రుచులూ ఉన్న ఊరు అని గర్వంగా చెబుతాడు, ఊరంతా తనే వండినట్టు.

ఉషారాణికి తెలిసిన ఖమ్మం వేరు. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఈ ఊరి రుచులన్నీ ఆమె దగ్గరికి పార్సిళ్లలోనే వచ్చాయి. ఆకుకు అంటుకుపోయిన దోశ, అడుగున నూనె పేరుకున్న బిర్యాని, చల్లారి సాగే పరోటా. పార్సిల్ తెచ్చిన రోజు కూడా పిల్లలకు, అత్తగారికి పళ్లాలు సర్దేది, వడ్డించేది, మిగిలింది తినేది, కడిగేది తనే. కొత్తలో ఒకసారి అడిగింది, "మనమే పోయి కూసోని తిందామా?" అని. ఆయన నవ్వి, "నీ చేతి వంట ముందట హోటలెంత ఉషా!" అన్నాడు. ఆ మాటకు ఆ రోజంతా మురిసిపోయింది. అది మెచ్చుకోలు కాదు, బయటినుంచి పెట్టిన గడియ అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అత్తగారు ఇంత మెత్తగా చెప్పేది కాదు. "ఆడదానికి హోటల్ కూడేందే? ఇంట్ల పొయ్యి కూలిందా?" అనేది.

ఇప్పుడు నడిమింట్లో మంచం మీద ఉషారాణి తల్లి జమ్లి కూర్చుని ఉంది. ఇల్లందు అవతల అడవి అంచున ఉన్న తండా నుంచి వైద్యానికని తీసుకొచ్చారు. గొంతులో గడ్డ. దవాఖానాలో డాక్టరు ఉషారాణిని పక్కకు పిలిచి, "బుధవారం చేర్చండి. గొంతుకు పైపు పెట్టాక ఇక నోటితో తినడం ఉండదు. మాట కూడా కష్టమే. ఈలోపల ఆమెకు ఏది ఇష్టమో మెత్తగా పెట్టండమ్మా" అన్నాడు. అలా అంటూ ఉషారాణి ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ కాస్త దయకు ఉషారాణి మనసులోనే ఆయనకు దండం పెట్టుకుంది. ఎదురుగా చూసి ఉంటే అక్కడే ఏడ్చేసేది.

తిరిగొస్తూ ఆటోలో, "యాడీ, ఏం తినాలనున్నదే నీకు?" అని అడిగింది. తండాలో అమ్మను యాడి అనే పిలుస్తారు.

జమ్లి చాలాసేపు రోడ్డు చూసింది. తర్వాత బొంగురుగా, "తినుడు గాదు బిడ్డా. హోటల్ల కూసోవాలె. ఎవరో వచ్చి, ఏం కావాలమ్మా అని అడగాలె" అంది.

వయసులో ఉన్నప్పుడు జమ్లి అడవినుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఇల్లందు వచ్చి, ఒక హోటల్ వెనక వాకిట్లో దించేది. ఆ వంటగది తలుపులోంచి లోపలి బల్లలు కనిపించేవి. బొగ్గుబావిలో పని దిగి వచ్చిన మగవాళ్లు కూర్చునేవాళ్లు. భుజాన తువ్వాలేసుకున్న ఒకతను వచ్చి, ఏం కావాలె, ఇంకేం కావాలె అని అడిగేవాడు. జమ్లికి మాత్రం అడగకుండానే వెనక మెట్టు మీద, ఆకులో మాడిన ఉప్మా పెట్టేవాళ్లు.

"మీ నాయన గుడ ఏనాడు అడగలే. ఉంటే తిన్న, లేకుంటే నీళ్లు తాగిన" అంది. ఫిర్యాదులా కాదు, వాన పడలేదన్నట్టు.

ఈ సంగతి చెప్పినప్పుడు శ్రీనివాస్ చటుక్కున, "గంతేనా! ఆదివారం నేనే తీసుకపోత" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. జమ్లి మందులకోసం రెండు దవాఖానాలు తిరిగినవాడు. ఈ ఆదివారం, పులుసు పొయ్యి మీద ఉండగానే తల దువ్వుకుని వచ్చి బండి తాళం కూడా తీశాడు. అప్పుడు అత్తను చూశాడు. ఆమె లంబాడీల అద్దాల రవిక కాంచళి, అంచులో గవ్వలు కుట్టిన పేటియా లంగా వేసుకుని, పైట తల మీదికి లాక్కుని తయారుగా ఉంది.

వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "చీర కట్టుకొమ్మను."

"ఆమెకు కట్టుడు రాదు."

"నువ్వు కట్టు. అక్కడ నాకు తెలిసినోళ్లు శాన ఉంటరు ఉషా."

జమ్లికి చెవులు బాగానే పనిచేస్తాయి. అక్కణ్నుంచే నవ్వింది. "ఇప్పుడే చీర చుడితే పీనుగను చుట్టినట్టుంటది అల్లుడా. జర ఆగు, ఎట్లైనా చుడ్తరు."

శ్రీనివాస్ కూడా నవ్వాడు. నవ్వుతూనే తాళం మేకుకు తగిలించాడు. "పెరుగన్నం పార్సిల్ తెస్త. నువ్వే పక్కన నిలవడి, ఏం కావాలమ్మా అని అడుగు. గదీ గిదీ ఒకటే గదా?"

ఉషారాణి గరిటెతో పులుసు కలిపింది. ఆయనా తండాలో పుట్టినవాడే. హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి పిల్లలు ఏమని పిలిచేవాళ్లో ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఉద్యోగం వచ్చాక ముందు తన తల్లి చేత చీర కట్టించాడు, తర్వాత ఇంట్లో తండా మాట మాన్పించాడు. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు, జాలి కూడా ఉంది. కానీ భయం ఆయనదైతే బరువు మోసేది ఎప్పుడూ ఆడవాళ్లేనా అనిపించింది. పులుసు దించి, మూత పెట్టి, ఆ ప్రశ్న మీద కూడా మూత పెట్టబోయి, ఎందుకో పెట్టలేకపోయింది.

పార్సిల్ వచ్చింది. అల్లుడి మనసు నొచ్చుకోకుండా జమ్లి రెండు ముద్దలు మింగింది. "మంచిగున్నది" అంది. మరునాడే సోమవారం. ఇక మిగిలింది బుధవారం దాకానే.

సోమవారం ఉషారాణి తను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లో సగం పూట సెలవు అడిగింది. "ఆస్పత్రికా మేడం?" అన్నాడు హెడ్‌మాస్టరు. "కాదు సార్, హోటల్‌కు" అంది. ఆయన జోక్ అనుకుని నవ్వాడు.

వెంకటప్పయ్య హోటల్ ముందు ఆటో దిగారు. కింద పెద్ద హాలు, పైకి మెట్లు. మెట్ల పక్కన ఎర్ర అక్షరాల బోర్డు: ఫ్యామిలీ రూమ్స్ కలవు. గల్లాపెట్టె ముందు వెంకటప్పయ్యే కూర్చుని ఉన్నాడు.

"ఎంతమందమ్మా?"

"ఇద్దరం. ఫ్యామిలీ రూం కావాలె."

"సారు ఎన్క వస్తున్నరా?"

"లేదు. మేమిద్దరమే."

ఆయన జమ్లి పేటియా చూశాడు, మళ్లీ ఉషారాణి ముఖం చూశాడు. "ఫ్యామిలీ రూంలు ఫ్యామిలీలకేనమ్మా."

"మేం ఫ్యామిలీ కామా? మా అమ్మ, నేను."

"అట్ల కాదమ్మా..." నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "ఫ్యామిలీ అంటే జెంట్స్ ఉండాలె గదా. కిందనేమో అంతా మగోళ్లు, మీకే మంచిగుండదు. పార్సిల్ కట్టిస్త, వేడివేడిగ."

ఉషారాణి వాడకూడదనుకున్న పేరు వాడింది. "నేను శ్రీనివాస్ గారి భార్యను. కలెక్టరాఫీసు."

"అరే, శ్రీనివాస్ సారు ఫ్యామిలీనా! ముందే చెప్పొద్దామ్మా! సారును ఒక్క ఫోన్ కొట్టమనుండ్రి, పైన రూం తీయిస్త."

ఇంతసేపూ ఫ్యామిలీ కాదు. ఇప్పుడయింది. ఈ ఊళ్లో మగవాళ్లు పెళ్లాం అనే మాట నామోషీ అయి ఫ్యామిలీ అంటారు. మా ఫ్యామిలీ ఊరికి పోయింది, మీ ఫ్యామిలీకి ఎట్లున్నది అని. అంటే ఆ మాట తనదే అనుకుంది ఇన్నాళ్లూ. కాదు. ఆయన పక్కన ఉంటేనే అది తనకు అంటుకుంటుంది. ఆయన లేకపోతే కన్నతల్లితో కలిసి వచ్చినా తను ఉత్త ఆడమనిషి.

అయినా ఫోన్ చేసింది. యాడి కోసం చేసింది.

అంతా విని శ్రీనివాస్ అడిగిన మొదటి మాట, "మీ యాడి ఏం కట్టుకోనొచ్చింది?"

"బట్టలు" అంది ఉషారాణి.

"ఉషా, నా మాటిను. పార్సిల్ తీస్కోని ఇంటికి పోండ్రి. నేను సాయంత్రం జల్దీ వచ్చి..."

ఆమె ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిరిగితే జమ్లి గడప ఇవతలే నిలబడి ఉంది. చెప్పులు విడిచి, రెండూ కలిపి ఒక చేత్తో పట్టుకుంది. మాటలన్నీ విన్నట్టుంది. "పా బిడ్డా ఇంటికి. నాకు ఆకలైతలే" అంది.

ఆ అబద్ధం ఉషారాణికి బాగా తెలుసు. కూర అడుగంటిన ప్రతి పూటా తను ఇంట్లో చెప్పే అబద్ధం అదే. ఎవరు నేర్పారో ఇప్పుడు తెలిసింది.

"చెప్పులేసుకో యాడీ. ఇది గుడి కాదు" అని తల్లి చేయి పట్టుకుని హాల్లోకి నడిచింది.

నమిలే నోళ్లు ఆగాయి. ఫ్యాను చప్పుడు వినిపించింది. వెంకటప్పయ్య సగం లేచి, ఏమనుకున్నాడో మళ్లీ కూర్చున్నాడు. నడిమి బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఒక పెద్దమనిషి ముఖం ఎత్తకుండానే పక్క కుర్చీ మీది తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఉషారాణి ఎదుటి కుర్చీ లాక్కుంది. జమ్లి సంచీ తీసిన కుర్చీలో కూర్చుంది. కుర్చీ అంచున, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా.

సర్వరు రామన్న వచ్చాడు. నెరిసిన జుట్టు, భుజాన తువ్వాలు. అలవాటుగా వాళ్ల వెనక మగమనిషి కోసం చూశాడు. లేడని తెలిశాక కొంచెం వంగి, పెద్దామె వైపు తిరిగి అడిగాడు.

"ఏం కావాలమ్మా?"

జమ్లి ముఖం విప్పారింది. నోరు తెరిచింది. మాట రాలేదు. గడ్డ వల్ల కాదు. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసింది, జవాబు ఏనాడూ సిద్ధం చేసుకోలేదు. కూతురి వైపు తిరిగింది. "ఏం చెప్పాలె బిడ్డా?"

తల్లికి ఏది ఇష్టమో ఉషారాణికీ తెలియదు.

రామన్న ఆమె గొంతుకు చుట్టిన గుడ్డ చూశాడు. "తొందరేం లేదమ్మా. మెత్తటిది తేవాల్నా? కారమా, తియ్యటిదా?"

"తియ్యటిది" అంది జమ్లి, చిన్నపిల్లలా.

గోరువెచ్చని సేమ్యా పాయసం తెచ్చాడు. ఒక్కో చెంచాకు కళ్లు మూసుకుని, గొంతును బతిమాలుకుంటూ మింగింది. సగం కప్పు కూడా దిగలేదు. రామన్న మళ్లీ వచ్చి, "ఇంకేం కావాలమ్మా?" అన్నాడు. అడగకపోయినా ఎవరూ ఏమీ అనరు, అయినా అడిగాడు.

"చాలు నాయనా. మంచిగ అడిగినవ్."

ఆమె నోటితో ఇష్టంగా తిన్నది ఆ పాయసమే ఆఖరు. బుధవారం పైపు పెట్టారు. మాట పోయింది. వానాకాలం ముగియకముందే మనిషీ పోయింది. పీనుగ మీద కప్పడానికి చీర తెచ్చినవాళ్లను ఉషారాణి వెనక్కి పంపి, అద్దాల కాంచళితోనే సాగనంపింది. శ్రీనివాస్ అడ్డు చెప్పలేదు, తలొంచుకుని పాడె పట్టాడు. అదంతా తర్వాతి మాట.

ఆ మధ్యాహ్నం రామన్న ఉషారాణి వైపు తిరిగాడు. "మీకమ్మా?"

సంచీలో ఫోన్ మోగుతోంది. ఆయనే. మామిడికాయ పప్పు ఆయనకిష్టం, పిల్లలకు ఆలుగడ్డ వేపుడు, అత్తగారికి పచ్చిపులుసు. వరసగా గుర్తొచ్చాయి. తన వంతు దగ్గరికి వచ్చేసరికి ఖాళీ. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది. "ఏదైనా..."

జమ్లి బల్ల మీదుగా చేయి చాపి కూతురి మణికట్టు పట్టుకుంది. గొంతు అప్పటికే గీరుకుపోయింది. "ఏదైనా అనకు బిడ్డా. నా లెక్క ఇక్కడిదాంక వచ్చి ఎతుక్కోకు. పేరు పెట్టి చెప్పు."

ఉషారాణి ఫోన్ తీసి మీట నొక్కి ఆర్పేసింది. చెమట తుడుచుకుని, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

"ఏమేం ఉన్నయో మొదటినుంచి చెప్పన్నా" అంది. "జర మెల్లగ చెప్పు. అన్నీ వింట."